సూర్య, నక్షత్ర వర్ణపటాల నుంచి భూవాతావరణ రేఖలను తొలగించడం ఎలా

సూర్యుడి వర్ణపటంలో 6300 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లో వంతు) దగ్గరి భాగాన్ని బాగా విడదీసి చూస్తే 6301.5 వద్ద ఒకటి, 6302.5 వద్ద ఒకటి, రెండు బలమైన ఇనుము రేఖలు కనిపిస్తాయి. వాటి సరసనే 6302.0 వద్ద, 6302.76 వద్ద మరో రెండు సన్నని రేఖలుంటాయి. ఇనుము రేఖలు సూర్యుడివి, ఈ సన్నని రేఖలు మనం పీల్చే ఆక్సిజన్‌వి. నాలుగూ ఒకే కాంతిలో కలిసి కాంతిని రంగులుగా విడదీసి నమోదు చేసే మన స్పెక్ట్రోగ్రాఫ్‌ను చేరతాయి కాబట్టి, ఏది ఎవరిదో తేల్చి, గాలి వేసిన రేఖలను మాత్రమే తీసివేయడం మన పని. వీటిని టెల్యూరిక్ రేఖలంటారు.

ఈ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్‌కు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన గుంటూరులో పరిశీలించాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఆయన ఆల్ప్స్ పర్వతాల్లోని ఫౌల్‌హార్న్ శిఖరమెక్కి అక్కడ ఈ రేఖలు పలచబడతాయని చూశాడు. తర్వాత జెనీవా సరస్సు ఒక ఒడ్డున కట్టెల మంట వేయించి, సుమారు 21 కిలోమీటర్ల అవతల నుంచి దాని కాంతిని పరీక్షించాడు. దగ్గర నుంచి చూస్తే ఏ రేఖా లేని మంట వెలుగులో, అంత గాలి దాటి వచ్చేసరికి నల్లని పట్టీలు కనిపించాయి. ఈనాడు మనం చేసే దిద్దుబాటంతా ఆ ప్రయోగం మీదే నిలిచి ఉంది: గాలి పొర మందం మారితే గాలి రేఖ లోతు మారుతుంది, నక్షత్రపు రేఖ మారదు.

మొదట ఏయే ప్రాంతాల్లో జాగ్రత్త అవసరమో గుర్తు పెట్టుకోండి. ఆక్సిజన్ పట్టీలు 6277, 6867, 7594 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మొదలై ఎరుపు వైపు సాగుతాయి. వీటిలో చివరి రెండూ జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ బీ, ఏ అని పేరు పెట్టినవే. నీటి ఆవిరి రేఖలు సోడియం జంట రేఖల చుట్టూ, అంటే 5880 నుంచి 5990 వరకూ, హైడ్రోజన్ ఆల్ఫా రేఖ చుట్టూ 6480 నుంచి 6600 వరకూ, 7160 నుంచి 7340 వరకూ, 8130 నుంచి 8350 వరకూ ఉంటాయి. 8950 దాటాక అవి దట్టంగా కమ్ముకుంటాయి. సమీప పరారుణంలో 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి దాదాపు తలుపు మూసేస్తుంది. 2 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్, 2.3 దగ్గర మీథేన్ వచ్చి చేరతాయి. మీ పని 4500 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి రేఖలతోనే అయితే ఈ శ్రమ అంతగా అవసరం లేదు.

ఇప్పుడు మీ డేటాను సిద్ధం చేసుకోండి. బయాస్ (డిటెక్టర్ సొంత సున్నా స్థాయి తీసివేత), ఫ్లాట్ (పిక్సెళ్ల స్పందన తేడాల సవరణ), ఆర్డర్ల (డిటెక్టర్ మీద పడే వర్ణపటపు పట్టీల) వెలికితీత, తెలిసిన రేఖలున్న ఆర్క్ దీపంతో తరంగదైర్ఘ్య క్రమాంకనం పూర్తయిన తర్వాత మీరు ఆగవలసిన చోటు ఒకటుంది. భూమి చలనాన్ని సరిచేసే బేరీసెంట్రిక్ దిద్దుబాటు చేయకముందే ఆగాలి. చాలా వేధశాలల ప్రోగ్రాములు ఈ దిద్దుబాటును అడక్కుండానే చేసి ఇస్తాయి కాబట్టి డేటా ఫైలు మొదట్లో వివరాలుండే హెడర్ చదివి నిర్ధారించుకోండి. గాలి మన వేధశాలతో పాటే తిరుగుతుంది. అందువల్ల గాలి రేఖలు వేధశాల చట్రంలో (వేధశాల నిలకడగా ఉందనుకుని కొలిచే లెక్కలో) మాత్రమే తమ స్థానంలో కదలకుండా ఉంటాయి. ఈ వ్యాసకర్త తొలి ప్రయత్నంలో వర్ణపటాన్ని ముందుగానే నక్షత్రపు చట్రంలోకి జరిపి, ఆ తర్వాత గాలి రేఖలు ఎందుకు కుదరడం లేదా అని రెండు రోజులు స్లిట్‌ను (స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి కాంతి వెళ్లే సన్నని చీలికను) అనుమానించిన సంగతి ఇక్కడ చెప్పుకోవడంలో సిగ్గు లేదు.

హెడర్ నుంచి ఎక్స్‌పోజర్ మధ్య సమయం, ఆ సమయానికి నక్షత్రం నడినెత్తి నుంచి ఎంత కోణం దూరంలో ఉందో, వేధశాల ఎత్తు, స్థానిక పీడనం, తేమ రాసుకోండి. నడినెత్తి కోణపు సీకెంట్ (కొసైన్‌కు విలోమం) విలువే ఎయిర్‌మాస్, అంటే కాంతి దాటి వచ్చే గాలి పొర మందం: నడినెత్తిన 1, 60 డిగ్రీల దూరంలో 2. దిగంతానికి దగ్గరవుతున్న కొద్దీ ఈ సూత్రం వాస్తవం కన్నా ఎక్కువ విలువ చెబుతుంది కాబట్టి 75 డిగ్రీలు దాటితే వక్రీభవనాన్నీ భూమి గుండ్రతనాన్నీ లెక్కలోకి తీసుకునే సూత్రం వాడండి. గంటసేపు కాంతిని పోగుచేసిన ఎక్స్‌పోజర్‌లో ఎయిర్‌మాస్ ఆ గంటలో మారుతూనే ఉంటుంది. అందువల్ల మొదలు, చివర విలువల సగటు కాక, వచ్చిన కాంతిని బట్టి తూచిన సగటు తీసుకోవడం మంచిది.

తర్వాతి పని ఏ రేఖ ఎవరిదో తేల్చడం. నక్షత్రమైతే రెండు మూడు నెలల తేడాతో తీసిన రెండు వర్ణపటాలను వేధశాల చట్రంలోనే ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతున్నందున, క్రాంతివృత్తానికి దగ్గరున్న నక్షత్రపు రేఖలు ఆరు నెలల్లో సెకనుకు 60 కిలోమీటర్ల వరకూ, అంటే 6300 వద్ద సుమారు 1.26 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర జరుగుతాయి. జరగనివి గాలివి. సూర్యుడి విషయంలో ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే సూర్యుడి పట్ల మన వేగం ఎప్పుడూ సెకనుకు ఒక కిలోమీటరు లోపే. అక్కడ 1880లలో ఫ్రెంచి శాస్త్రవేత్త కోర్ను చేసిన ఉపాయాన్ని వాడాలి. సూర్యబింబపు తూర్పు అంచు మన వైపు, పడమటి అంచు అవతలి వైపు సెకనుకు రెండేసి కిలోమీటర్ల చొప్పున తిరుగుతుంటాయి. స్లిట్‌ను ముందు ఒక అంచు మీద, తర్వాత రెండో అంచు మీద పెట్టి తీసిన రెండు వర్ణపటాల మధ్య సూర్యుడి రేఖలు 6300 వద్ద 0.084 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతాయి. విభేదన సామర్థ్యం (తరంగదైర్ఘ్యాన్ని, విడదీయగల కనీస తేడాతో భాగించగా వచ్చేది) లక్ష ఉన్న పరికరంలో ఆ కనీస తేడా 0.063 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే కాబట్టి ఈ జరుగుడు కంటికే తెలుస్తుంది.

గుర్తించిన తర్వాత తరంగదైర్ఘ్య అక్షాన్ని సరిచూడాలి. అణువుల రేఖల పట్టికలు, ముఖ్యంగా హైట్రాన్ అనే పట్టిక, శూన్యంలోని తరంగసంఖ్యల్లో (తరంగదైర్ఘ్యపు విలోమాల్లో) ఉంటాయి. దృశ్యకాంతి స్పెక్ట్రోగ్రాఫ్‌ల డేటా తరచూ గాలిలోని తరంగదైర్ఘ్యాల్లో ఉంటుంది. 6300 వద్ద ఈ రెండింటికీ 1.74 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడా ఉంది. దీన్ని మరిచిపోతే సెకనుకు 83 కిలోమీటర్ల తప్పు దొర్లుతుంది. మార్పిడి అయ్యాక 6867 దగ్గరి ఆక్సిజన్ పట్టీని లెక్కించిన నమూనాతో క్రాస్-కోరిలేషన్ చేసి (జరుపుతూ ఎక్కడ బాగా సరిపోతుందో చూసి), మిగిలిన చిన్న జరుగుడును పిక్సెల్‌లో పదో వంతు వరకూ సరిదిద్దండి. పైగాలుల వేగం వల్ల ఆక్సిజన్ రేఖలు కూడా సెకనుకు పది మీటర్ల స్థాయిలో అటూ ఇటూ కదులుతాయి. రసాయన సమృద్ధి కొలిచేవారు దాన్ని పట్టించుకోనవసరం లేదు, గ్రహాల కోసం వెతికేవారు మాత్రం పట్టించుకోవాలి.

ఇక అసలు దిద్దుబాటు. దీనికి రెండు దారులున్నాయి: ఒక ప్రామాణిక నక్షత్రంతో భాగించడం, లేదా వాతావరణాన్నే లెక్క కట్టి ఆ నమూనాతో భాగించడం. మొదటి దారిలో కావలసింది తనకంటూ రేఖలు దాదాపు లేని ప్రకాశవంతమైన నక్షత్రం. వేడి నక్షత్రం వేగంగా తిరుగుతుంటే దాని రేఖలు వెడల్పుగా సాగి, గాలి రేఖల మధ్య కనపడనంత చదునవుతాయి. మఖ ఇందుకు చాలా అనువైనది, దాని భ్రమణ వేగం సెకనుకు దాదాపు 300 కిలోమీటర్లు. వేసవి చివర శ్రవణం కూడా పనికొస్తుంది. అభిజిత్తు పేరు వినగానే చాలామంది దాని వైపే దూరదర్శినిని తిప్పుతారు, కానీ దాని ధ్రువం మన వైపు తిరిగి ఉన్నందున రేఖలు సన్నగానే కనిపిస్తాయి. అధిక విభేదన పనిలో అది ప్రామాణికంగా పనికిరాదు. హైడ్రోజన్ ఆల్ఫా దగ్గర పని ఉంటే ఉద్గార రేఖలున్న వేడి నక్షత్రాలను కూడా వదిలేయండి.

ప్రామాణిక నక్షత్రాన్ని మీ నక్షత్రానికి ముందో వెనకో, గంట లోపు, ఎయిర్‌మాస్ తేడా 0.1 మించకుండా పట్టండి. దాని సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (కాంతికీ దానిలోని రొదకూ ఉన్న నిష్పత్తి) మీ నక్షత్రపు నిష్పత్తి కన్నా కనీసం రెండింతలుండాలి, లేకపోతే భాగహారంలో దాని రొద అంతా మీ వర్ణపటంలోకి వచ్చి చేరుతుంది. తర్వాత దాని కంటిన్యువాన్ని (రేఖలు లేని చోట్ల కాంతి స్థాయిని) ఒక మృదువైన వక్రంతో భాగించి, గాలి పారగమ్యతను (ఎంత భాగం కాంతిని గాలి దాటనిస్తుందో ఆ విలువను) మాత్రమే మిగల్చండి. ఆక్సిజన్ పట్టీల దగ్గర ఆ వక్రాన్ని పట్టీ లోపలికి వంగనివ్వకండి. అక్కడ పట్టీకి ఇరువైపులా ఉన్న బిందువులనే ఆధారం చేసుకోవాలి.

ఎయిర్‌మాస్ తేడాను సరిచేసే సూత్రం తేలికైనది. శోషణ ఘాతాంక నియమాన్ని పాటిస్తుంది కాబట్టి, పారగమ్యతను రెండు ఎయిర్‌మాస్‌ల నిష్పత్తికి ఘాతంగా పెంచితే చాలు. ప్రామాణిక నక్షత్రం నడినెత్తిన ఉన్నప్పుడు ఒక రేఖ కేంద్రంలో 0.60 భాగం కాంతి దాటి వచ్చిందనుకుందాం. మీ నక్షత్రం 1.5 ఎయిర్‌మాస్ వద్ద ఉంటే 0.60ని 1.5 ఘాతానికి పెంచగా వచ్చే 0.46 అక్కడి విలువ. ఈ సూత్రం ఆక్సిజన్‌కు బాగా పనిచేస్తుంది. గాలిలో దాని వాటా 20.95 శాతంగా స్థిరం. నీటి ఆవిరికి ఆ స్థిరత్వం లేదు. దానిలో ఎక్కువ భాగం కింది రెండు మూడు కిలోమీటర్ల గాలిలోనే ఉండి, గంట గంటకూ, ఒక్కోసారి దిక్కు దిక్కుకూ మారుతుంది. కాబట్టి నీటికీ ఆక్సిజన్‌కూ ఒకే ఘాతాన్ని ఎన్నడూ వాడకండి. ఆక్సిజన్‌కు ఎయిర్‌మాస్ నిష్పత్తిని వాడండి. నీటికి మాత్రం 5920 నుంచి 5950 వరకూ, లేదా 7170 నుంచి 7300 వరకూ ఉన్న భాగాల్లో నక్షత్రపు రేఖలను కప్పివేసి, ఘాతాన్ని కొద్ది కొద్దిగా మారుస్తూ, భాగించిన తర్వాత మిగిలిన ఎగుడుదిగుళ్లు ఏ విలువ దగ్గర కనిష్ఠమవుతాయో చూసి దాన్ని ఎంచుకోండి.

ఇక్కడ మన దేశపు వేధశాలల మధ్య తేడా తెలిసి ఉండటం ఉపయోగం. సుమారు 4500 మీటర్ల ఎత్తున్న లద్దాఖ్‌లోని హాన్లేలో పీడనం సముద్రమట్టంలో దాదాపు 60 శాతమే, అంటే ఆక్సిజన్ కూడా అంతే శాతం ఉంటుంది. నీటి ఆవిరి మాత్రం అంతకన్నా ఎన్నో రెట్లు తగ్గుతుంది. 725 మీటర్ల ఎత్తున ఉన్న తమిళనాడులోని కవలూరులో తేమ ఎక్కువ. అక్కడ మంచి రాత్రి కూడా సోడియం రేఖల చుట్టూ నీటి రేఖలను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఒక చోట సరిపోయిన ఘాతాలను మరో చోటికి మోసుకెళ్లకండి.

ప్రామాణిక నక్షత్రంతో మరో చిక్కు ఉంది. వేడి నక్షత్రాలు తరచూ దూరంగా ఉంటాయి, మధ్యలోని నక్షత్రాంతర ధూళి, వాయువులు వాటి కాంతిలోనూ తమ ముద్ర వేస్తాయి. సోడియం జంట రేఖలు అందులో మొదటివి. 6284 దగ్గర ఆక్సిజన్ పట్టీ మీదే కూర్చున్న వెడల్పైన నక్షత్రాంతర పట్టీ రెండోది. అలాంటి నక్షత్రంతో భాగిస్తే మీ నక్షత్రపు వర్ణపటంలో లేని బొడిపె ఒకటి పైకి లేస్తుంది, అది ఉద్గారమని భ్రమపడే ప్రమాదం ఉంది. దగ్గరలో ఉన్న మఖ, శ్రవణాలకు ఈ బాధ తక్కువ.

రెండో దారి నమూనాది. మోలెక్‌ఫిట్, టెల్‌ఫిట్ వంటి ప్రోగ్రాములు హైట్రాన్ పట్టికను, ఆ రోజు ఆ చోట ఎత్తుతో పాటు పీడనం, ఉష్ణోగ్రత, తేమ ఎలా మారాయో చెప్పే వాతావరణ వివరాన్ని తీసుకుని, గాలి పారగమ్యతను రేఖ రేఖగా లెక్కిస్తాయి. దీనికి ప్రామాణిక నక్షత్రం అక్కర్లేదు కాబట్టి దూరదర్శిని సమయం మిగులుతుంది. విలువలు మీ వర్ణపటం నుంచే కుదురుతాయి కాబట్టి దిక్కు, సమయాల తేడాల బాధ కూడా ఉండదు. నా దృష్టిలో దృశ్యకాంతిలో అధిక విభేదన పనికి ఇదే మెరుగైన దారి. అయితే అన్ని విలువలనూ ఒకేసారి వదులుగా వదిలేస్తే ప్రోగ్రాము ఒక దాని తప్పును మరొక దాని మీదికి నెట్టేస్తుంది. కాబట్టి వరుస పాటించండి. ముందు నక్షత్రపు రేఖలు తక్కువగా, గాలి రేఖలు మధ్యస్థ లోతుతో ఉన్న నాలుగైదు చిన్న కిటికీలను ఎంచుకుని, వాటిలోని నక్షత్రపు రేఖలను కప్పండి. మొదటి విడతలో కంటిన్యువాన్నీ తరంగదైర్ఘ్య సవరణనూ మాత్రమే మారనివ్వండి. రెండో విడతలో వాటిని బిగించి, పరికరం రేఖను ఎంత వెడల్పు చేస్తోందో చెప్పే ఇన్‌స్ట్రుమెంటల్ ప్రొఫైల్‌ను కుదర్చండి. దీని తొలి అంచనాను ఆర్క్ దీపపు రేఖల నుంచి తీసుకోండి. మూడో విడతలో మాత్రమే అణువుల పరిమాణాలను కుదర్చి, చివరికి అన్నిటినీ ఒక్కసారి స్వల్పంగా సర్దుబాటు చేయండి.

ఈ పనిలో ఆక్సిజన్‌ను కొలబద్దగా వాడుకోండి. దాని పరిమాణం పీడనం నుంచి ముందే తెలుసు. నమూనా చెప్పిన విలువ దానికి పది శాతం ఎక్కువో తక్కువో ఉంటే తప్పు గాలిలో లేదు. కంటిన్యువం కిందికో పైకో ఉందని, లేదా ప్రొఫైల్ వెడల్పు సరిగా లేదని, లేదా స్పెక్ట్రోగ్రాఫ్ లోపల చెదిరిన కాంతిని సరిగా తీసివేయలేదని అర్థం. ఆక్సిజన్ కుదరకుండా నీటిని నమ్మకండి.

భాగహారం గురించి పాఠ్యపుస్తకాలు తొందరగా దాటేసే ఒక విషయం ఉంది. నక్షత్రపు కాంతిని ముందు గాలి వడగడుతుంది, ఆ తర్వాతే పరికరం దాన్ని పులుముతుంది. మనం మాత్రం పులుమిన వర్ణపటాన్ని పులుమిన పారగమ్యతతో భాగిస్తున్నాం. ఈ రెండూ గణితపరంగా ఒకటి కావు. రేఖలు పలచగా ఉన్నప్పుడు తేడా పట్టించుకోనంత చిన్నది. గాలి రేఖ మధ్యలో పూర్తిగా నలుపై, పరికరం పులిమినందువల్ల మాత్రమే 0.5గా కనిపిస్తున్నప్పుడు తేడా పెద్దది. అలాంటి రేఖ విషయంలో ఘాతాంక సూత్రం కూడా తప్పుతుంది, ఎందుకంటే 0.5 అనేది అక్కడి నిజమైన పారగమ్యత కాదు. వీలైతే నక్షత్రపు నమూనాను గాలి నమూనాతో సన్నని గ్రిడ్ మీద గుణించి, ఆ తర్వాత పరికరపు ప్రొఫైల్‌తో కన్వల్యూషన్ చేసి (అంటే పరికరం పులిమినట్టే పులిమి), ఫలితాన్ని నేరుగా పరిశీలనతో పోల్చండి. అది వీలుకానప్పుడు పారగమ్యత 0.2 కన్నా తక్కువున్న పిక్సెళ్లను మాస్క్ చేసి వదిలేయండి. కంటిన్యువంలో 100 ఉన్న సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఫోటాన్ల లెక్కనే 0.2 దగ్గర 45కి, 0.05 దగ్గర 22కి పడిపోతుంది. 7600 దగ్గరి పట్టీ నడిమధ్యలో అసలు కాంతే మిగలదు. పాలే లేని గిన్నెలో హంసకైనా పని ఉండదు.

సూర్యుడికి మూడో దారి ఒకటి ఉంది. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకూ ఎయిర్‌మాస్ 4 నుంచి 1.2కి దిగుతుండగా పలు వర్ణపటాలు తీసి, ప్రతి పిక్సెల్‌కూ కాంతి తీవ్రత సహజ సంవర్గమానాన్ని ఎయిర్‌మాస్‌కు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖను ఎయిర్‌మాస్ సున్నా వద్దకు పొడిగిస్తే గాలి లేని సూర్యుడి విలువ దొరుకుతుంది. ఆక్సిజన్‌కు ఇది హాయిగా పనిచేస్తుంది. ఎండెక్కే కొద్దీ నీటి ఆవిరి పెరిగితే నీటి రేఖల దగ్గర బిందువులు వంగుతాయి. ఆ వంపే ఆ రోజు డేటా నీటికి పనికిరాదని చెబుతుంది. పూర్తి బింబాన్ని ఒకే చుక్కగా చూసే పనిలో దిగంతానికి దగ్గరి డేటాను వాడకండి. బింబపు పై అంచు, కింది అంచు వేర్వేరు మందాల గాలిని దాటి వస్తాయి, దానితో సూర్య భ్రమణపు సమతౌల్యం తప్పి రేఖలు కాస్త పక్కకు జరుగుతాయి. ఫలితాన్ని సరిచూసుకోవడానికి అమెరికాలోని కిట్ పీక్ వేధశాల ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ స్పెక్ట్రోమీటర్ డేటా నుంచి గాలి రేఖలు తొలగించి 2011లో ప్రచురించిన సౌర అట్లాస్ ఉంది. 1984 నాటి అట్లాస్‌లో గాలి రేఖలు అలాగే ఉన్నాయని గమనించండి.

దిద్దిన వర్ణపటం చూడటానికి నున్నగా ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. 6300.30 వద్దనున్న నిషిద్ధ ఆక్సిజన్ రేఖను (అణువులో చాలా అరుదుగా జరిగే మార్పు వల్ల వచ్చే, గాలిది కాక నక్షత్రానిదే అయిన రేఖను) తీసుకోండి. సూర్యుడిలో దాని తుల్య వెడల్పు (రేఖ మింగిన మొత్తం కాంతికి కొలత) సుమారు 5 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లే, దానిలో నికెల్ రేఖ ఒకటి కలిసి ఉంది. 0.12 ఆంగ్‌స్ట్రామ్ మేర ఒక్క శాతం మిగులు ఉన్నా 1.2 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల తప్పు వస్తుంది, అంటే కొలతలో దాదాపు నాలుగో వంతు. పైగా వేధశాల చట్రంలో సెకనుకు 80 కిలోమీటర్ల వేగంతో దూరమవుతున్న నక్షత్రంలో ఈ రేఖ 6301.98కి జరిగి, మొదట్లో చెప్పుకున్న 6302.0 గాలి రేఖ మీదే కూర్చుంటుంది. అలాంటప్పుడు దిద్దుబాటుతో కుస్తీ పట్టే కన్నా, భూమి వేగం మారే వరకూ రెండు నెలలు ఆగి మళ్లీ పరిశీలించడమే తెలివైన పని. రాత్రి ఆకాశం కూడా ఇదే 6300.30 వద్ద స్వయంగా వెలుగుతుంది కాబట్టి ఆకాశపు కాంతిని విడిగా తీసివేయడం మరవకండి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇది. ఒకే నక్షత్రాన్ని భూమి వేగం వేరుగా ఉన్న రెండు రాత్రుల్లో తీసిన వర్ణపటాలను విడివిడిగా దిద్ది, ఇప్పుడు మాత్రమే బేరీసెంట్రిక్ దిద్దుబాటు చేసి, ఒకదాని నుంచి ఒకటి తీసివేయండి. నక్షత్రం మారనిదైతే దాని రేఖలు రద్దవుతాయి. మిగిలిన వాటిలో గాలి రేఖల ఆకారం ఒక చోట పైకీ, రెండు రాత్రుల వేగాల తేడాకు సరిపడా జరిగిన చోట కిందికీ కనిపిస్తే, నీటి ఘాతం దగ్గరకో ప్రొఫైల్ దగ్గరకో మళ్లీ వెళ్లాలి. మిగులు ఒక రేఖకు రెండు పక్కల ఎదురెదురుగా ఉంటే తరంగదైర్ఘ్యం జరిగింది. నడుమ గుంట, పక్కల గట్టుల్లా ఉంటే ప్రొఫైల్ వెడల్పు తప్పింది.

పరీక్ష నెగ్గాక ఫిట్స్ (ఖగోళ డేటాకు వాడే ఫైలు రూపం) ఫైలులో దిద్దిన వర్ణపటంతో పాటు దిద్దకముందు వర్ణపటాన్నీ, వాడిన పారగమ్యతనూ, మాస్క్‌నూ, పారగమ్యతతో భాగించినందువల్ల పెరిగిన దోష పరిమాణాన్నీ వేర్వేరు నిలువు వరుసలుగా భద్రపరచండి. ఎయిర్‌మాస్, ఆక్సిజన్, నీటి విలువలనూ, తరంగదైర్ఘ్యాలు గాలివో శూన్యానివో, బేరీసెంట్రిక్ దిద్దుబాటు జరిగిందో లేదో హెడర్‌లో రాయండి.